డ్యాష్‌బోర్డ్‌లో టకటక: సిల్వరాడో పికప్‌లో బ్లెండ్ డోర్ యాక్చుయేటర్ మార్చుకునే విధానం

తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డ్ లోపల ఎక్కడో టక్, టక్, టక్ అని మొదలవుతుంది. పది పదిహేను సెకన్లు మోగి ఆగిపోతుంది. టెంపరేచర్ నాబ్ తిప్పితే మళ్లీ మొదలు. కొన్నాళ్లకు డ్రైవర్ వైపు వేడి గాలి, పక్క సీటు వైపు చల్ల గాలి వస్తుంటాయి. టెక్సస్‌లో జులై మధ్యాహ్నం, బయట 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో, ముఖం మీద హీటర్ గాలి కొడుతుంటే గంట సేపు ట్రాఫిక్‌లో కూర్చోవడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు. నా 2011 షెవ్రొలే సిల్వరాడోకి వచ్చిన జబ్బు ఇదే. చూపించిన షాపులో డ్యాష్‌బోర్డ్ మొత్తం దించాలన్నారు. నిజానికి దించే పని లేదు. అరచేతిలో పట్టే ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా మార్చాలి, అంతే. దాని పేరే బ్లెండ్ డోర్ యాక్చుయేటర్. తర్వాత ఇద్దరు స్నేహితుల ట్రక్కులకూ ఇదే పని చేశాను కాబట్టి, ఎక్కడ చెయ్యి ఇరుక్కుంటుందో, ఎక్కడ తొందరపడకూడదో వివరంగా రాస్తున్నాను.

ఇందులో చెప్పేదంతా 2007 నుంచి 2013 వరకు వచ్చిన సిల్వరాడో 1500 గురించి. దాని జంట బండి జీఎంసీ సియెరాకి కూడా దాదాపు అంతా వర్తిస్తుంది. ఒక్క జాగ్రత్త: 2007లో పాత తరం బండిని కూడా ‘క్లాసిక్’ అన్న పేరుతో అమ్మారు. మీది ఆ క్లాసిక్ అయితే లోపలి యాక్చుయేటర్లు వేరు, ఈ పార్ట్ సరిపోదు.

అసలు ఆ డబ్బా చేసే పని

బ్లోయర్ (ఫ్యాన్) తోసే గాలి ముందు దాన్ని చల్లబరిచే ఏసీ ఎవాపరేటర్ గుండా వెళ్తుంది. ఆ తర్వాత దానికి రెండు దారులు. ఒకటి వేడి కూలెంట్ ప్రవహించే హీటర్ కోర్ మీదుగా, రెండోది దాన్ని తప్పించుకుని పక్క నుంచి. ఈ రెండు దారుల మధ్య ఉండే పలక తలుపే బ్లెండ్ డోర్. అది పూర్తిగా ఒక వైపు ఉంటే గాలంతా చల్లగా, రెండో వైపుకు వాలితే గాలంతా వేడిగా, మధ్యలో ఆగితే రెండూ కలిసి వస్తాయి. పాత బళ్లలో నాబ్‌కి కట్టిన కేబుల్ ఈ తలుపును లాగేది. ఈ ట్రక్కులో ఆ పని యాక్చుయేటర్‌ది.

దాని లోపల ఒక చిన్న డీసీ మోటారు, వేగం తగ్గించే కొన్ని ప్లాస్టిక్ గేర్లు, తలుపు ఎంత తిరిగిందో కొలిచే ఒక పొటెన్షియోమీటర్ ఉంటాయి. అయిదు వైర్లు వస్తాయి: రెండు మోటారుకు, మూడు ఆ కొలతకు. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసుబారి ఒక గేరు పళ్లు విరుగుతాయి. ఏసీ, హీటర్‌లను నడిపే చిన్న కంప్యూటర్, అంటే కంట్రోల్ మాడ్యూల్, తలుపును ఫలానా చోటికి వెళ్లమంటుంది, మోటారు తిరుగుతుంది, విరిగిన పన్ను దగ్గర గేరు జారి మళ్లీ మొదటికి వస్తుంది. మీకు వినపడే ప్రతి టక్కూ ఆ జారుడే. తలుపు చేరాల్సిన చోటికి చేరలేదని కొలత చెబుతుంది కాబట్టి మాడ్యూల్ కొంతసేపు ప్రయత్నించి మానుకుంటుంది. శబ్దం దానంతట అదే ఆగిపోయేది అందుకే.

కొనే ముందు వినాలి

ఈ పనిలో ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే. శబ్దం వినగానే పార్ట్ తెప్పించేసుకుంటారు. కానీ డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే యాక్చుయేటర్ ఒకటి కాదు. టెంపరేచర్‌కి ఒకటి, డ్యూయల్ జోన్ (రెండు సీట్ల వైపులా టెంపరేచర్ విడివిడిగా పెట్టుకునేది) అయితే ఎడమ కుడి వైపులకు రెండు. గాలి ముఖానికా, కాళ్లకా, అద్దానికా అని మళ్లించేది ఇంకొకటి, అదే మోడ్ యాక్చుయేటర్. బయటి గాలి, లోపలి గాలి మార్చే రీసర్క్యులేషన్‌కి వేరొకటి. ఏది విరిగినా శబ్దం ఒకలాగే ఉంటుంది.

కాబట్టి బండి నిశ్శబ్దంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, బ్లోయర్ వేగం బాగా తగ్గించి కూర్చోండి. డ్రైవర్ వైపు టెంపరేచర్ ఒక్కటే చల్లటి కొస నుంచి వేడి కొసకు మార్చండి. ఆగి వినండి. తర్వాత పక్క సీటు వైపుది. తర్వాత మోడ్ బటన్లు. చివరికి రీసర్క్యులేషన్. దేన్ని కదిపితే టకటక మొదలవుతుందో దోషం దానిదే. శబ్దం ఏ మూల నుంచి వస్తుందో తేలకపోతే, విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీలు ఇంజిన్ శబ్దం వినే పద్ధతి పనికొస్తుంది: పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను యాక్చుయేటర్ డబ్బాకి ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు నొక్కి పెట్టుకోండి. చెడినది వేలికే కాదు, ఎముకకూ తెలుస్తుంది.

శబ్దం ఏమీ లేకుండా హీటర్ మాత్రమే పనిచేయకపోతే ముందు కూలెంట్ చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రిజర్వాయర్‌లో మట్టం చూడండి. వేడిగా ఉండగా మూత తీయకండి, చేయి కాలుతుంది. ఇంజిన్ వేడెక్కాక హీటర్ కోర్‌కి వెళ్లే రెండు గొట్టాలను జాగ్రత్తగా తాకి చూడండి. రెండూ వేడిగా ఉంటే వేడి నీళ్లు కోర్ దాకా వస్తున్నట్టే, అనుమానం తలుపు మీదికి మళ్లుతుంది. ఒకటి వేడిగా, ఇంకొకటి బాగా చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండొచ్చు. అప్పుడు యాక్చుయేటర్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

ఎండాకాలంలో ఇంకో మోసం ఉంది. డ్యూయల్ జోన్ బళ్లలో ఏసీ గ్యాస్ తగ్గితే కూడా ఒక వైపు చల్లగా, ఇంకో వైపు గోరువెచ్చగా గాలి వస్తుంది. టకటక లేదు, హీటర్ రెండు వైపులా బాగా పనిచేస్తోంది, ఏసీ మాత్రమే ఒక వైపు తేడాగా ఉంది అంటే ముందు గ్యాస్ ప్రెషర్ చూపించండి.

పార్ట్ కొనే ముందు ఖర్చు లేని ప్రయత్నం ఒకటుంది. కింద చెప్పబోయే కాలిబ్రేషన్, అంటే తలుపు కొలతలు మాడ్యూల్‌కి మళ్లీ నేర్పించడం, ఒకసారి చేసి చూడండి. తలుపు కొలత తప్పిపోయి మాత్రమే ఇబ్బంది పడుతుంటే దాంతోనే సర్దుకుంటుంది. గేరు పళ్లు విరిగి ఉంటే మాత్రం శబ్దం మళ్లీ వస్తుంది.

సరైన పార్ట్

గ్లవ్ బాక్స్ తెరిస్తే ఒక స్టిక్కర్ నిండా మూడేసి అక్షరాలు, అంకెల కోడ్‌లు ఉంటాయి. ఆ బండి ఏ సామాన్లతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో చెప్పే జాబితా అది. అందులో సీ67 ఉంటే సింగిల్ జోన్, సీజే3 అయితే చేత్తో మార్చుకునే డ్యూయల్ జోన్, సీజే2 అయితే ఆటోమేటిక్ డ్యూయల్ జోన్. ఆ కోడ్, బండి విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) రెండూ పార్ట్స్ కౌంటర్‌లో చెప్పండి. ఎడమ, కుడి పార్ట్‌లు చూడటానికి ఒకేలా ఉన్నా నంబర్లు వేరు కావచ్చు. వీలైతే పాతది ముందే ఊడదీసి, దాని మీద అచ్చేసిన నంబర్ చూసి కొనడం ఇంకా మంచిది.

ఒరిజినల్ కావాలంటే షెవ్రొలే తయారీదారు జీఎం సొంత బ్రాండ్ ఏసీడెల్కో. బయటి కంపెనీల్లో డోర్మన్ వంటివి తేలిగ్గా దొరుకుతాయి, ధర తక్కువ. నేను మాత్రం ఒరిజినల్ వేయమనే చెబుతాను. పార్ట్ ధరలో ఆదా అయ్యే కొద్ది డాలర్ల కోసం పెడల్స్ కింద తలకిందులుగా రెండోసారి పడుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. పావు అంగుళం రాచెట్, 5.5, 7, 10 మిల్లీమీటర్ల సాకెట్లు, ఒక పొట్టి, ఒక పొడవు ఎక్స్‌టెన్షన్, వంగే ఎక్స్‌టెన్షన్ ఉంటే మరీ మంచిది. ప్యానెళ్లు గీతలు పడకుండా తీయడానికి ప్లాస్టిక్ పుల్లలు, తలకు కట్టుకునే లైటు, కొనకు అయస్కాంతం ఉన్న కడ్డీ. ఆ 5.5 సాకెట్ చాలా సెట్లలో ఉండదు, ముందే చూసుకోండి. సాకెట్ లోపల చిన్న టేపు ముక్క వేస్తే స్క్రూ జారి పడదు. కార్పెట్ మీద ఒక పాత తువ్వాలు పరచండి. పడిన స్క్రూ దాని మీద కనిపిస్తుంది, కార్పెట్ మీద మాయమవుతుంది.

విప్పడం

ఉదాహరణకు డ్రైవర్ వైపుది తీసుకుంటాను, ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే.

ముందుగా తాళం తీసేసి, సీటు పూర్తిగా వెనక్కి జరపండి. బానెట్ తెరిచి బ్యాటరీ నెగెటివ్ కేబుల్ ఊడదీసి, అది తిరిగి తగలకుండా పక్కకు కట్టేయండి. తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగండి. ఈ ఆగడాన్ని దయచేసి దాటేయకండి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు దిగిపోవడానికి ఆ సమయం కావాలి. డ్యాష్‌బోర్డ్ కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని లాగొద్దు, వాటికి మీటర్ పెట్టి కొలవొద్దు, వాటి మీద మోచెయ్యి ఆనించొద్దు.

స్టీరింగ్ కింద మోకాళ్లకు ఎదురుగా ఉండే ప్యానెల్ అంచున 7 మిల్లీమీటర్ల స్క్రూలు ఉంటాయి. అవి తీశాక మిగిలిన అంచు క్లిప్పుల మీద నిలబడి ఉంటుంది. ప్లాస్టిక్ పుల్ల దూర్చి, క్లిప్పు ఉన్న చోటే పట్టుకుని మీ వైపు లాగండి. మూల పట్టుకుని ఒక్కసారిగా పీకితే ప్యానెల్ చిట్లుతుంది, చలికాలంలో మరీను. ప్యానెల్ వెనక వైర్లు, కేబుళ్లు ఉంటే వాటిని బలవంతంగా సాగదీయకుండా పక్కకు వాల్చి ఉంచండి. స్కానర్ పెట్టే సాకెట్ కూడా ఈ ప్రాంతంలోనే ఉంటుంది, దాని వైర్లు చూసుకోండి. సిల్వరాడోలో ట్రిమ్‌ను (మోడల్‌లోని రకాన్ని) బట్టి డ్యాష్‌బోర్డ్ రెండు రకాలు: రెండు గ్లవ్ బాక్స్‌లు ఉన్న పికప్ డ్యాష్‌బోర్డ్ ఒకటి, ఎల్‌టీజెడ్ అనే ట్రిమ్‌లో వచ్చే, షెవ్రొలే టాహో ఎస్‌యూవీ తరహాది ఇంకొకటి. అందువల్ల స్క్రూల సంఖ్యలో తేడా కనిపిస్తే కంగారుపడకండి. తీసిన ప్రతి ప్యానెల్‌కీ ముందు ఒక ఫోటో తీసుకోండి.

ఇప్పుడు వెల్లకిలా పడుకుని తల పెడల్స్ దగ్గరికి జరపండి. యాక్సిలరేటర్ పెడల్‌కి పైన, బండి మధ్య గుబ్బ వైపు పెద్ద నల్ల ప్లాస్టిక్ పెట్టె గోడ కనిపిస్తుంది. హీటర్, ఏసీ అంతా ఉండేది ఆ పెట్టెలోనే. దాని గోడకు అతికినట్టు ఉండే చిన్న డబ్బా, దానికి ఒక కనెక్టర్ కనిపిస్తాయి. అదే మన యాక్చుయేటర్. దగ్గర్లోనే మోడ్ యాక్చుయేటర్ కూడా ఉంటుంది కాబట్టి రెండింటినీ కలగాపులగం చేయకండి. అనుమానం ఉంటే బ్యాటరీ తీయడానికి ముందే లైటు వేసి, ఇంకొకరిని నాబ్ తిప్పమని, ఏ డబ్బా వణుకుతుందో వేలు పెట్టి చూడండి. నేను ఇప్పుడు ప్రతిసారీ అలాగే చేస్తాను.

కనెక్టర్ నాలుకను నొక్కి బయటికి లాగండి. వైర్లు పట్టుకుని లాగకూడదు. తర్వాత 5.5 మిల్లీమీటర్ల స్క్రూలు తీయాలి. కింది స్క్రూ సులువు. పైదానికి చూపు అందదు, వేలితో తడిమి తల ఎక్కడుందో తెలుసుకుని సాకెట్ పెట్టాలి. ఒక్కో క్లిక్కుగా తిప్పుతూ అయిదు నిమిషాలు పట్టినా పర్వాలేదు. సాకెట్ వంకరగా పెట్టి బలం వేస్తే తల అరిగిపోతుంది, అప్పుడు నిజంగానే పెద్ద పని అవుతుంది. స్క్రూలు వచ్చాక యాక్చుయేటర్‌ను తిన్నగా మీ వైపు లాగండి. అటూ ఇటూ వంచకండి, లోపల ఉన్న తలుపు ఇరుసు ప్లాస్టిక్‌దే.

పక్క సీటు వైపుది అయితే గ్లవ్ బాక్స్ కింది ప్యానెల్, అవసరమైతే గ్లవ్ బాక్స్ తీయాలి. అక్కడ చోటు కాస్త ఎక్కువ. ఆ వైపు ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా గ్లవ్ బాక్స్ పైనే ఉంటుందని మరవకండి. రీసర్క్యులేషన్‌ది కూడా ఆ వైపే, బ్లోయర్ దగ్గర ఉంటుంది.

కొత్తది బిగించే ముందు తలుపును చేత్తో తిప్పాలి

యాక్చుయేటర్ వచ్చాక తలుపు ఇరుసు కొన బయటపడుతుంది. దాన్ని వేళ్లతో మెల్లగా ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న తలుపు ఏ అడ్డూ లేకుండా తిరిగి, రెండు చివర్లా స్పాంజికి ఆనినట్టు మెత్తగా ఆగుతుంది.

ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే లోపల ఏదో అడ్డుపడినట్టు. అద్దం దగ్గరి డీఫ్రాస్ట్ రంధ్రాల నుంచి పెన్నో, చిల్లర నాణెమో జారిపడటం అరుదేమీ కాదు. అలాంటి తలుపుకు కొత్త మోటారు తగిలిస్తే కొద్ది రోజుల్లో దాని పళ్లూ విరుగుతాయి. పాతది విరగడానికి కారణం కూడా అదే అయి ఉండొచ్చు. ఇరుసు ఎటూ ఆగకుండా గిరగిరా తిరిగితే తలుపే విరిగిందని అర్థం. సిల్వరాడోలో ఇది తక్కువ. 2002 నుంచి 2008 వరకు వచ్చిన డాడ్జ్ రామ్ పికప్ ఉన్నవాళ్లకు మాత్రం ఇది బాగా తెలిసిన బాధ, వాటిలో తలుపు ఇరుసే విరుగుతుంది. ఆ బండి ఉన్నవాళ్లు యాక్చుయేటర్ కొనక ముందే ఈ పరీక్ష చేసుకోవాలి.

ఇక్కడే ఇంకో మాట. కొత్త పార్ట్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, బయటేమో మండుతోంది అనుకోండి. యాక్చుయేటర్ తీసేసి, తలుపును చేత్తో చల్లటి వైపుకు తిప్పి, కదలకుండా టేపు వేసి బండి నడుపుకోవచ్చు. ఆ టేపు గానీ, వేలాడే కనెక్టర్ గానీ పెడల్‌కి అడ్డు రాకుండా కట్టేయడం తప్పనిసరి. చలి రాష్ట్రాల్లో చెడింది మోడ్ యాక్చుయేటర్ అయితే తలుపును అద్దం వైపే నిలపండి. ముందు అద్దం మీది మంచు కరగకపోతే బండి కదల్చకూడదు.

బిగించడం

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడండి: ఇరుసు దూరే రంధ్రం ఆకారం, స్క్రూ చెవుల స్థానం, కనెక్టర్. అన్నీ కలిస్తేనే ముందుకు. పెట్టేటప్పుడు రంధ్రం, ఇరుసు ఒక వరుసకు రాకపోతే తలుపు ఇరుసును తిప్పి సరిచేయండి. యాక్చుయేటర్ గేరును చేత్తో మెలితిప్పొద్దు. మోటారు వైపు గేరు దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి బలవంతం చేస్తే కొత్త పళ్లే విరుగుతాయి.

డబ్బా గోడకు పూర్తిగా ఆనాక స్క్రూలు పెట్టండి. ప్లాస్టిక్‌లోకి వెళ్లే స్క్రూకి ఒక పద్ధతి ఉంది. ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో మెల్లగా తిప్పండి. ఒక చోట టిక్కుమని కొద్దిగా కిందికి దిగినట్టు తెలుస్తుంది. అక్కడ పాత మరలోనే కూర్చుంది. అప్పుడు ముందుకు తిప్పితే కొత్త గాడి కోయకుండా పాతదాంట్లోనే దిగుతుంది. బిగుసుకున్నాక ఇంకో పావు చుట్టు అనే ఆశ వద్దు. కనెక్టర్ క్లిక్కుమనే దాకా నొక్కండి. ప్యానెళ్లు ఇంకా పెట్టకండి.

నలభై సెకన్లు చేతులు కట్టుకోండి

కొత్త యాక్చుయేటర్‌కి తలుపు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మాడ్యూల్ దాన్ని రెండు కొసలకూ నడిపించి నేర్చుకోవాలి. పాత కొలతలు పోవాలంటే మాడ్యూల్‌కి కరెంటు తెగాలి. మీరు బ్యాటరీ తీశారు కాబట్టి అది జరిగిపోయింది. బ్యాటరీ తీయకుండా చేసే కాలిబ్రేషన్ అయితే, ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగా హెచ్‌వీఏసీ (హీటర్, ఏసీ) ఫ్యూజ్ తీసి, కనీసం 10 సెకన్లు ఆగి మళ్లీ పెట్టాలి.

ఇగ్నిషన్ ఆఫ్‌లోనే ఉంచి బ్యాటరీ కేబుల్ బిగించండి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి 40 సెకన్లు ఏ నాబ్, ఏ బటన్ ముట్టుకోకండి. టెంపరేచర్, ఫ్యాన్, మోడ్ ఏదీ వద్దు. మధ్యలో ముట్టుకుంటే నేర్చుకోవడం సగంలో ఆగి, తలుపు తప్పు కొలతలతో మిగిలిపోతుంది. కొత్త పార్ట్ కూడా పనిచేయడం లేదని వెనక్కి పంపేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే అని నా గట్టి నమ్మకం. అనుమానం ఉంటే ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఫ్యూజ్ తీసి, మళ్లీ మొదటి నుంచి చేయండి. ఆ 40 సెకన్లలో పెడల్స్ వైపు లైటు వేసి చూస్తే ఒక సన్నటి మోటారు మూలుగు వినిపిస్తుంది. టకటక మాత్రం వినిపించకూడదు.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కాక, మధ్య వెంట్‌లో వంటింటి థర్మామీటర్ ఒకటి గుచ్చి రెండు వైపులా చూడండి. పూర్తి చల్లదనం, పూర్తి వేడి, తర్వాత మధ్య స్థానం. నాబ్ తిప్పిన ప్రతిసారీ గాలి కొన్ని సెకన్లలో మారాలి. ముఖం, కాళ్లు, అద్దం మోడ్‌లు కూడా ఒకసారి మార్చి చూడండి. ఏదైనా సరిగా లేకపోతే స్కానర్‌తో లోపం కోడ్ చదివించాలి. ఇవి ‘బి’ అక్షరంతో మొదలయ్యే బాడీ కోడ్‌లు. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి, వాటిలో కోడ్ కనిపించనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు.

అన్నీ తేలాకే ప్యానెళ్లు పెట్టండి. క్లిప్పులు ఒక్కొక్కటీ వాటి రంధ్రాల ఎదురుగా నిలిపి అరచేత్తో తట్టండి. పెడల్స్ మూడుసార్లు తొక్కి చూసి, వైరు ఏదీ తగలడం లేదని రూఢి చేసుకోండి. బ్యాటరీ తీసినందువల్ల డ్రైవర్ వైపు కిటికీ అద్దం ఒక్క నొక్కుతో దిగడం మరిచిపోతే, పూర్తిగా పైకి ఎత్తి బటన్ కాసేపు అలాగే పట్టుకుంటే నేర్చుకుంటుంది. గడియారం, రేడియో సరిచేసుకోండి.

మొదటిసారి చేసేవాళ్లకు రెండు గంటలు పట్టొచ్చు. రెండో వైపుది కూడా అదే వయసుది కదా, అదీ ఇప్పుడే మార్చేద్దామా అని చాలామంది అడుగుతారు. శబ్దం లేకుండా, గాలి సరిగ్గా మారుతుంటే దాన్ని కదపకండి. నా ట్రక్కులో ఎడమ వైపుది మార్చాక కుడి వైపు పాతదే ఇంకా నడుస్తోంది.